నెల జీతమా, తక్కువ ఖర్చు బతుకా: ప్రోగ్రామర్ తేల్చుకోవాల్సిన లెక్క

ప్రోగ్రామర్‌కి ఒక వెసులుబాటు ఉంది. లాప్‌టాప్, కరెంటు, ఇంటర్నెట్ ఉంటే చాలు, పని నడుస్తుంది. షాపు తెరవక్కర్లేదు, సరుకు నిల్వ పెట్టక్కర్లేదు, ఒకే ఊరికి కట్టుబడి ఉండక్కర్లేదు. అందుకే ఉద్యోగం మీద విసుగొచ్చిన ప్రతిసారీ ఒకటే ఆలోచన: ఖర్చులు బాగా తగ్గించేసుకుని, జీతం గొడవ లేకుండా నచ్చిన కోడ్ రాసుకుంటూ బతకలేనా?

బతకొచ్చు. అలా బతికినవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళ కథలు మన దాకా వచ్చేసరికి, ఇంటి అద్దె ఎవరు కట్టారు, జబ్బు చేస్తే ఏం చేశారు అనే సంగతులు మాత్రం రావు. ఏ దారి మంచిదో తేలేది అక్కడే.

## ముందు డబ్బు లెక్క

చేతికొచ్చే జీతం 100 అనుకుందాం. నెలనెలా 75 ఖర్చయ్యేవాళ్ళు ఏడాది ఉద్యోగం చేస్తే నాలుగు నెలల బతుకుకి సరిపడా మిగులుతుంది. 50తో గడిపేవాళ్ళకి ఏడాది పనికి ఏడాది సెలవు దొరుకుతుంది. 30తో సరిపెట్టుకోగలిగితే ఏడాది పనికి రెండేళ్ళ నాలుగు నెలలు. ఇందులో వడ్డీ, పెట్టుబడి ఏమీ కలపలేదు. ఖర్చు తగ్గితే మిగిలేది పెరుగుతుంది, ముందు ముందు కావాల్సిందీ తగ్గుతుంది. జీతం పెరిగితే మొదటిది మాత్రమే జరుగుతుంది, అదీ జీతంతో పాటు ఖర్చులు పెరగకుండా ఆపుకోగలిగితేనే.

ఈ లెక్కని చివరిదాకా తీసుకెళ్తే వచ్చేది ‘ఫైర్’ అని అందరూ పిలిచే పద్ధతి. విపరీతంగా పొదుపు చేసి, ఆ సొమ్ము మీద వచ్చే ఆదాయంతో చిన్న వయసులోనే రిటైరవడం. ఏడాది ఖర్చుకి 25 రెట్లు కూడబెట్టాలన్నది అందులో వాడుకలో ఉన్న సూత్రం. ధరల పెరుగుదల పోను పెట్టుబడి ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే, జీతంలో 10 శాతం దాచేవాళ్ళకి అక్కడికి చేరడానికి 51 ఏళ్ళు పడుతుంది. 25 శాతం దాస్తే 32 ఏళ్ళు, సగం దాస్తే 17, ముప్పాతిక దాస్తే 7. అసలు జీతం ఎంతో ఈ లెక్కలో ఎక్కడా అడగలేదు చూడండి.

ఆ 25 రెట్లని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మొద్దు. దాని మూలం 1994లో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు చేసిన పని. మొదటి ఏడాది పెట్టుబడిలో 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలు పెరిగినంత మేర పెంచుకుంటూ పోతే, డబ్బు కనీసం 30 ఏళ్ళు వస్తుందని అమెరికా షేర్లు, బాండ్ల పాత రికార్డులు చూసి ఆయన తేల్చారు. అది మామూలు వయసులో రిటైరయ్యేవాళ్ళ లెక్క. 35 ఏళ్ళకే మానేస్తే ఆ డబ్బు యాభై ఏళ్ళకి పైగా రావాలి. ధరలు అమెరికాలో కన్నా వేగంగా పెరిగే చోట ఉంటే ఇంకా కష్టం. మానేసిన మొదటి రెండు మూడేళ్ళలోనే మార్కెట్ పడిపోతే, తక్కువ ధరకే షేర్లు అమ్ముకుని తినాల్సి వస్తుంది, ఆ దెబ్బ నుంచి సొమ్ము మళ్ళీ కోలుకోవడం కష్టం. ఏటా 3 శాతం తీసుకుంటే చాలనుకుని 33 రెట్లు పెట్టుకోవడం కాస్త జాగ్రత్తైన పద్ధతి.

ప్రోగ్రామర్‌కి అసలు పూర్తిగా రిటైరవ్వాల్సిన పనేముందనేది నా అనుమానం. ఖర్చులో సగం ఏదో ఒక పనితో వస్తూ ఉంటే, కూడబెట్టాల్సింది కూడా సగానికి తగ్గిపోతుంది. దీన్ని తర్వాత మళ్ళీ చూద్దాం.

## ఉద్యోగం ఇచ్చేదేమిటి, తీసుకునేదేమిటి

ఉద్యోగం అంటే భద్రత అని పెద్దవాళ్ళు అంటారు. 2022 నవంబర్‌లో మెటా సుమారు 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ సుమారు 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. పని బాగా చేసినవాళ్ళు కూడా ఆ లిస్టుల్లో ఉన్నారు. కాబట్టి భద్రతంటే నోటీస్ పీరియడ్, విడిచిపెట్టేటప్పుడు ఇచ్చే సొమ్ము, అంతవరకే అనుకోవడం మంచిది. ఈఎంఐలతో జీతం మొత్తం ముందే ఖర్చైపోయిన ఉద్యోగి కన్నా, ఏడాది ఖర్చు చేతిలో ఉన్న ఫ్రీలాన్సర్ ఎక్కువ భద్రంగా ఉన్నట్టు.

అలాగని ఉద్యోగాన్ని తీసిపారేయడానికి లేదు. జీతం కాకుండా అది ఇచ్చేవి చాలా ఉన్నాయి, మానేశాక గానీ వాటి ధర తెలియదు. ఆరోగ్య బీమా, జీతంతో సెలవులు, మంచి మెషీన్, క్లౌడ్ బిల్లు. వీటన్నిటికన్నా పెద్దది మన కోడ్ చదివి “ఇది ఇలా రాస్తే రేపు పగులుతుంది” అని చెప్పే సీనియర్. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఎలా లేపాలో, పదేళ్ళ పాత కోడ్‌ని పాడు చేయకుండా ఎలా మార్చాలో ఒంటరిగా ఇంట్లో కూర్చుని నేర్చుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే కెరీర్ మొదట్లో ఉన్నవాళ్ళకి నా సలహా ఒకటే: మూడు నాలుగేళ్ళు ఉద్యోగం చేయండి, ఖర్చు మాత్రం స్టూడెంట్‌లా ఉంచుకోండి.

తీసుకునేవీ ఉన్నాయి. మీ అసలు గంట రేటు ఎప్పుడైనా కట్టి చూశారా? జీతంలోంచి ఆఫీస్ కోసమే పెట్టే ఖర్చులు తీసేయాలి: ఆఫీస్ దగ్గర ఉండాలని కట్టే ఎక్కువ అద్దె, రాకపోకలు, అలసిపోయి ఇంట్లో చేసుకోలేక బయట కొనేవి. గంటల్లో ప్రయాణం, ఆన్‌కాల్ (ఎప్పుడు పిలిచినా పనికి సిద్ధంగా ఉండే డ్యూటీ), ఆదివారం రాత్రి సోమవారం గురించి పడే టెన్షన్ కలపాలి. రెండూ సరిచేశాక వచ్చే అంకె, ఆఫర్ లెటర్‌లో కనిపించే అంకె కన్నా బాగా చిన్నది. కొందరికి ఆ చిన్న అంకె కూడా బయట ఎక్కడా దొరకనంత పెద్దదే. అలాంటివాళ్ళు ఉద్యోగంలో ఉండటానికి సిగ్గుపడక్కర్లేదు.

## కథల్లో చెప్పని ఖర్చు

తక్కువ ఖర్చుతో బతికిన ప్రోగ్రామర్ల పేర్లలో ముందు వినిపించేది రిచర్డ్ స్టాల్‌మన్. 1984 జనవరిలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వదిలేసి, ఎవరైనా వాడుకుని మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. కోడ్ రాసుకోవడానికి వాడే ఈమాక్స్ అనే ఎడిటర్‌ని టేపుల్లో పెట్టి ఒక్కొక్కటి 150 డాలర్లకి అమ్ముకుంటూ నెట్టుకొచ్చారు. డబ్బు తన మీద పెత్తనం చేయకుండా ఉండాలంటే స్టూడెంట్‌లా చవకగా బతకాలన్నది ఆయన మాట. ఇంతవరకూ అందరికీ తెలుసు. కానీ రాజీనామా చేశాక కూడా ఎంఐటీ ల్యాబ్ ఆయన్ని తమ కంప్యూటర్లు, ఆఫీస్ వాడుకోనిచ్చింది. చాలా ఏళ్ళు ఆయన ఆ ఆఫీసులోనే నివాసం. ఆ రోజుల్లో అలాంటి మెషీన్ ఇంట్లో పెట్టుకోవడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. అంటే ఆ తక్కువ ఖర్చు వెనక ఒక పెద్ద సంస్థ ఇచ్చిన నీడ ఉంది.

ఎరిక్ బారోన్ స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటని ఒక్కరే తయారు చేశారు: కోడ్, బొమ్మలు, సంగీతం అన్నీ. దాదాపు నాలుగున్నరేళ్ళు పట్టింది. 2016 ఫిబ్రవరిలో విడుదలై విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ నాలుగున్నరేళ్ళు ఇల్లు గడిచింది ఎక్కువగా ఆయన భాగస్వామి సంపాదన మీద. ఆయన కూడా ఒక థియేటర్లో ప్రేక్షకులని సీట్ల దాకా తీసుకెళ్ళే పార్ట్ టైమ్ పని చేశారు. ఇందులో తప్పేమీ లేదు, ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్న ఏర్పాటైతే అంతకన్నా మంచి పెట్టుబడి లేదు. కానీ దాన్ని “నేను తక్కువ ఖర్చుతో బతికాను” అనకూడదు, “మా ఇంట్లో ఇంకొకరు కట్టారు” అనాలి. మీ ప్లాన్‌లో కూడా అలాంటి మనిషి ఎవరైనా ఉంటే, ఎంతకాలం అన్నది ముందే మాట్లాడుకుని ఒక తేదీ పెట్టుకోండి.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ కథ ఇంకా ఎక్కువ నేర్పుతుంది. టార్న్ ఆడమ్స్ గణితంలో పరిశోధన ఉద్యోగం వదిలేసి, అన్న జాక్‌తో కలిసి ఈ ఆట మీద కూర్చున్నారు. 2006లో ఉచితంగా విడుదల చేశారు. ఆ తర్వాత పదేళ్ళకి పైగా ఆటగాళ్ళు పంపే విరాళాలతోనే బతికారు. ఖర్చు తక్కువ, పని మీద పూర్తి హక్కు, పక్కన అభిమానులు. ఈ దారికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అలాంటివాళ్ళు 2019లో బొమ్మలతో కూడిన వెర్షన్‌ని స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో డబ్బుకి అమ్ముతామని ప్రకటించారు. కారణం దాచలేదు: ఇంట్లో జబ్బులు, వైద్యం ఖర్చు భయం. 2022 డిసెంబర్‌లో అది విడుదలయ్యాక కొద్దికాలంలోనే 70 లక్షల డాలర్లకి పైగా వచ్చాయి. ఆ భయం ముందే పట్టుకుని ఉంటే ముందే అమ్మేవారేమో. ఏమైనా, నెల ఖర్చు ఎంత తగ్గించుకున్నా ఆస్పత్రి బిల్లు తగ్గదు. తక్కువ ఖర్చు ప్లాన్లు ఎక్కువగా కూలిపోయేది అక్కడే. ఉచిత వైద్యం బాగా పనిచేసే దేశంలో ఉన్నవాళ్ళకీ, లేనివాళ్ళకీ ఈ మొత్తం వ్యాసంలో లెక్క వేరువేరుగా వస్తుంది.

ఇక ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌కి వచ్చే విరాళాలు. జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ని 1997లో మొదలుపెట్టిన వెర్నర్ కోచ్, 2001 నుంచి ఏడాదికి సగటున 25,000 డాలర్లతో దాన్ని ఒంటిచేత్తో నడిపారు. ప్రపంచమంతా వాడుతోంది, ఆయన మాత్రం మానేద్దామా అనే దాకా వెళ్ళారు. 2015లో ఆ సంగతి పత్రికల్లో వచ్చాకే ఫేస్‌బుక్, స్ట్రైప్ చెరో 50,000 డాలర్లు ఏటా ఇస్తామన్నాయి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు తేలిందేమిటంటే, ఆ లోపం ఉన్న, ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆధారపడిన ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌కి ఏడాదికి వచ్చే విరాళాలు 2,000 డాలర్ల దగ్గర ఉండేవని. ఎంతమంది వాడుతున్నారన్నదానికీ, ఎంత డబ్బొస్తుందన్నదానికీ సంబంధం లేదు. విరాళాలని ఆదాయంలో రాసుకోకండి, వస్తే బోనస్ అనుకోండి.

## ఫ్రీలాన్సింగ్, సొంత ప్రాడక్ట్

ఫ్రీలాన్సింగ్‌ని తక్కువ ఖర్చు బతుకుతో కలిపితే బాగుంటుంది. విడిగా చూస్తే అది కూడా ఒక ఉద్యోగమే, బాస్ పేరు క్లయింట్. గంట రేటు ఉద్యోగానికి రెట్టింపు కనిపిస్తుంది గానీ, క్లయింట్‌ని వెతకడం, అంచనా రాయడం, ఇన్‌వాయిస్ పంపి పేమెంట్ కోసం గుర్తు చేస్తూ కూర్చోవడం, ఈ గంటలకి ఎవరూ డబ్బులివ్వరు. ఒక్క క్లయింట్ మీదే బతికే ఫ్రీలాన్సర్ బీమా లేని ఉద్యోగి. ఖర్చు తక్కువగా ఉంటే మాత్రం ఒక గొప్ప సౌకర్యం వస్తుంది: పిచ్చి ప్రాజెక్టుని వద్దనొచ్చు. ఆ ‘వద్దు’ అనగలగడమే కొన్నాళ్ళకి రేటు పెంచుతుంది కూడా.

సొంత ప్రాడక్ట్ విషయంలో మార్కస్ పెర్సన్ చేసిన పద్ధతి నాకు నచ్చుతుంది. 2009లో మైన్‌క్రాఫ్ట్ అనే ఆట తొలి రూపాన్ని బయటపెట్టినప్పుడు ఆయన ఉద్యోగంలో ఉన్నారు. ఆట అమ్మకాలు నిలకడగా వస్తున్నాక 2010లో మానేశారు. రాజీనామా చేసి ఐడియా వెతుక్కోలేదు. ఐడియాకి డబ్బులిచ్చేవాళ్ళు దొరికాక రాజీనామా చేశారు. మైన్‌క్రాఫ్ట్ అంత అదృష్టం ఎవరికీ రాదనుకోండి, ఈ వరస మాత్రం ఎవరైనా పాటించొచ్చు. ఒక్క జాగ్రత్త: ఉద్యోగ ఒప్పందంలో మీరు ఖాళీ సమయంలో రాసిన కోడ్ కూడా కంపెనీదే అనే క్లాజ్ ఉందేమో చూడండి. ఉంటే, మొదటి లైన్ రాయకముందే కంపెనీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కంపెనీ లాప్‌టాప్ మీద అసలు ముట్టుకోకండి.

## ఊరు మారడం, పడవెక్కడం

జీతం సంపన్న దేశం నుంచి, బతుకు చవక దేశంలో. వినడానికి బాగుంటుంది. దూరపు కొండలు నునుపు. టూరిస్ట్ వీసా మీద పని చేయడం చాలా దేశాల్లో నిషిద్ధం లేదా అస్పష్టం. ఏడాదిలో 183 రోజులు దాటితే చాలా చోట్ల అక్కడ పన్ను కట్టాల్సి వస్తుంది. షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలు) అయితే వీసా అవసరం లేని వాళ్ళు కూడా 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండకూడదు. ఎస్టోనియా 2020లో రిమోట్ ఉద్యోగుల కోసం ప్రత్యేకంగా వీసా పెట్టింది, తర్వాత చాలా దేశాలు అదే బాట పట్టాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం కనీస ఆదాయం చూపించమంటాయి. అంటే నిజంగా తక్కువ సంపాదనతో బతకాలనుకునేవాళ్ళకి ఇవి పనికిరావు, బాగా సంపాదించేవాళ్ళు చవకగా బతకడానికి పనికొస్తాయి.

పడవ మీద బతికే జంట ఒకటుంది, హండ్రెడ్ రాబిట్స్ అనే పేరుతో పనిచేస్తారు. 2016 నుంచి పీనో అనే చిన్న తెరచాప పడవే ఇల్లు, ఆఫీసు. సోలార్ ప్యానెల్ ఇచ్చినంత కరెంటు, రేవులో దొరికినంత ఇంటర్నెట్. గిగాబైట్ల అప్‌డేట్లు అడిగే సాఫ్ట్‌వేర్ అక్కడ నడవదని తెలిసి, తమ పనిముట్లని తామే రాసుకున్నారు. పాత, బలహీనమైన మెషీన్ల మీద కూడా నడిచే ఉక్స్ఎన్ అనే చిన్న వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఊహా కంప్యూటర్) అలా పుట్టింది. బతుకు ఎక్కడ పెట్టుకుంటామన్నది మనం ఏ రకం కోడ్ రాయగలమో కూడా నిర్ణయిస్తుంది. మీ పనిలో రోజంతా వీడియో కాల్స్, భారీ బిల్డ్‌లు (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే పెద్ద పనులు) ఉంటే పడవ, వ్యాన్ మర్చిపోండి.

ఉమ్మడిగా బతికే సమాజాలూ ఉన్నాయి. అమెరికాలో వర్జీనియాలోని ట్విన్ ఓక్స్ 1967 నుంచి నడుస్తోంది. ఆదాయం అందరిదీ ఒకటే, ఇల్లు, తిండి, వైద్యం సమాజమే చూసుకుంటుంది. బదులుగా వారానికి సుమారు 40 గంటల పని, అందులో వంట, పిల్లల సంరక్షణ కూడా పనే. టెన్షన్ తక్కువ, కానీ నచ్చిన కోడ్‌కి ఖాళీ సమయం వస్తుందనుకుని వెళ్తే నిరాశే.

## మధ్యలో ఉన్న దారి

ఎక్కువమందికి సరిపోయేదీ, తక్కువమంది అడిగేదీ పని గంటలు తగ్గించుకోవడం. నెదర్లాండ్స్‌లో 2000 నుంచి పని గంటలు మార్చమని అడిగే హక్కు చట్టంలోనే ఉంది. 2022లో బ్రిటన్‌లో 61 కంపెనీలు జీతం తగ్గించకుండా ఆరు నెలలు వారానికి నాలుగు రోజుల పని ప్రయత్నించి చూస్తే, 56 కంపెనీలు ఆ తర్వాత కూడా దాన్ని కొనసాగించాయి. మీ కంపెనీ జీతం తగ్గిస్తాననే అనొచ్చు. ఐదో వంతు జీతం పోతే పన్ను కూడా తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది సాధారణంగా అంతకన్నా తక్కువే పోతుంది. బదులుగా ఏడాదికి సుమారు యాభై రోజులు వస్తాయి. బీమా ఉంటుంది, సీనియర్లుంటారు, రెజ్యూమేలో ఖాళీ కనపడదు. అడిగేటప్పుడు కొత్తగా చేరిన చోట కాకుండా, మీరు లేకపోతే ఇబ్బంది పడే టీమ్‌లో, మంచి రివ్యూ వచ్చిన నెలలో అడగండి.

రెండోది కాంట్రాక్ట్. ఆరు నెలలు పని, ఆరు నెలలు సొంత పని. మొదట్లో చెప్పిన 50 లెక్క నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. దీని లోపం, మార్కెట్ బాగాలేని ఏడాది ఆ ‘సొంత ఆరు నెలలు’ మీ ఇష్టంతో సంబంధం లేకుండా పద్నాలుగు నెలలవుతుంది.

## ఎవరికి ఏది

బాస్ పడక, టీమ్ పడక మానేద్దామనుకుంటే ముందు కంపెనీ మారండి. బతుకంతా మార్చక్కర్లేదు. అలసిపోయి ఏం చేయాలో తెలియని స్థితిలో ఉంటే మూడు నెలలు జీతం లేని సెలవు అడగండి, ఆ స్థితిలో పెద్ద నిర్ణయాలు తీసుకోకండి.

అప్పులున్నా, మీ జీతం మీద ఇంకెవరైనా బతుకుతున్నా, ఇంట్లో దీర్ఘకాలపు జబ్బు ఉన్నా ఉద్యోగంలో ఉంటూ ఖర్చు తగ్గించుకోవడమే సరైనది. మీ ఒక్కరి పొదుపుని ఇంటిల్లిపాదీ భరించాల్సి రావడం అన్యాయం. పిల్లలున్నవాళ్ళు తక్కువ ఖర్చుతో బతకలేరని కాదు, కాకపోతే ఆ నిర్ణయం ఒక్కరిది కాదు.

పూర్తిగా బయటికొచ్చేయమని నేను చెప్పేది ఒక్క రకం మనిషికే. చేయాల్సిన పని ఇదీ అని పేరు పెట్టి చెప్పగలగాలి, ఆ పనికి ఏ కంపెనీ జీతం ఇవ్వదని తేలిపోయి ఉండాలి, సాయంత్రాలూ సెలవులూ వాడి కొంత ఇప్పటికే చేసి ఉండాలి. “ఖాళీ దొరికితే మొదలుపెడతాను” అనేవాళ్ళకి ఖాళీ దొరికాక కూడా మొదలవ్వదు. ఒంటరితనం, రోజుకో పద్ధతి లేకపోవడం పొదుపు కన్నా ముందే దెబ్బ తీస్తాయి.

ప్రయోగం చేసి చూడటం సులువు. ఉద్యోగంలో ఉండగానే ఆరు నెలలు, మీరనుకున్న తక్కువ ఖర్చుతో నిజంగా బతకండి. మిగతా జీతం వేరే ఖాతాలోకి పంపేయండి. ఆరో నెల కూడా తేలిగ్గా గడిస్తే అంకె సరైనదే. మూడో నెలలోనే ఆ ఖాతాలోంచి తీయాల్సి వస్తే ఆ అంకె కాగితం మీదిది. ఏడాదికోసారి వచ్చే ఖర్చులు, అంటే లాప్‌టాప్ మార్చడం, పళ్ళ డాక్టర్, ఊరెళ్ళి రావడం, పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపడం మర్చిపోవద్దు.

ఇంకా మానేయాలనే ఉంటే, కొన్ని పనులు చివరి జీతం పడకముందే ముగించాలి. ఆరోగ్య బీమా కంపెనీది కాకుండా మీ పేరు మీద తీసుకోండి. పాత జబ్బులకి వర్తించడానికి వెయిటింగ్ పీరియడ్ ఉండే చోట, అది ఉద్యోగంలో ఉండగానే గడిచిపోవాలి. ఇల్లు మారాలన్నా, లోన్ కావాలన్నా, క్రెడిట్ కార్డ్ కావాలన్నా పే స్లిప్ అడుగుతారు, కాబట్టి అవి ఇప్పుడే కానివ్వండి. కలిసి పనిచేసిన సీనియర్లలో ఇద్దరు ముగ్గురికి ఎందుకు వెళ్తున్నారో నిజం చెప్పండి, రేపు కాంట్రాక్ట్ పని కావాల్సివస్తే ముందు ఫోన్ చేసేది వాళ్ళకే.